మూడు చింతగింజలు

మా గుళ్ళో ఓట్లు చింతగింజలతో వేసేవాళ్ళు. ఈ మాట చెప్తే మా పిల్లలు నేనేదో కథ అల్లుతున్నాననుకుంటారు. ఆ గింజలకు ఎర్రసిరా పూసిందాన్ని నేనే. మూడు రోజులు సబ్బుతో తోమినా నా వేళ్ళు తెల్లబడేవి కావు.

ఒంగోలు దగ్గర, గుండ్లకమ్మ ఒడ్డున మా పల్లె. ఊరు వేరు, ఊరికి ఎడంగా దళితులుండే పల్లె వేరు. ఆ తేడా తెలిసినవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. పల్లె మధ్యలో బాప్టిస్టు క్రైస్తవుల గుడి. రాతి పునాది, మట్టి గోడలు, పైన బెంగుళూరు పెంకు, కింద నాపరాళ్ళు. ఎడమవైపు ఆడవాళ్ళు, కుడివైపు మగవాళ్ళు, అందరికీ చాపలే. ఒక్క బల్ల మాత్రం ఉండేది, వేదికకు కుడిపక్క గోడకు ఆనించి. అది పెద్దల బల్ల. ఆరుగురు పడతారు. పెద్దలూ ఆరుగురే. లెక్కను బట్టి బల్ల చేయించారా, బల్లను బట్టి లెక్క పెట్టుకున్నారా అని అడిగితే ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేవాళ్ళు.

పెద్దలంటే డీకన్లు. బైబిల్లో పరిచారకులు అని ఉంటుంది. మావాళ్ళ నోట మాత్రం సంఘ పెద్దలు. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే మా గుళ్ళో సగం తగాదాలకు మూలమనేవాడు మా తాతయ్య. "పరిచారకుడంటే విస్తట్లో వడ్డించేవాడు. పెద్దంటే విస్తరి ముందు కూర్చునేవాడు. మనోళ్ళు ఎన్నుకునేది మొదటివాణ్ణి, గుళ్ళోకి నడిచొచ్చేది రెండోవాడు."

చెప్పడం వరకు బాగా చెప్పేవాడు. ఆయన రిటైరైన ఎలిమెంటరీ స్కూలు మేస్టారు. పధ్నాలుగేళ్ళు వరసగా సంఘ పెద్ద, సెక్రటరీ కూడా ఆయనే. తీర్మానాల పుస్తకం, చందాల పుస్తకం, సంఘపు ట్రంకుపెట్టె తాళంచెవి అన్నీ మా ఇంట్లోనే ఉండేవి. నడుముకు కట్టుకున్న ఆ తాళంచెవి ఆయన నడుస్తుంటే చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినగానే చందా బాకీ ఉన్నవాళ్ళు సందు మళ్ళేవాళ్ళని నాయనమ్మ నవ్వేది.

ఎన్నికలు ఏటా జనవరి మొదటి ఆదివారం. పెద్దలకు రెండేళ్ళ గడువు కాబట్టి ఏడాదికి ముగ్గురు దిగుతారు, ముగ్గురు ఎక్కుతారు. దిగినవాళ్ళే మళ్ళీ నిలబడొచ్చు. ఆ రోజు ఆరాధన ముగిశాక అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆశీర్వాదం ఇవ్వకుండా ఆపేవాడు. దీవెన తీసుకోకుండా ఇంటికి పోయే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే మా సంఘానికి కోరం సమస్య ఏనాడూ రాలేదు.

బాప్తిస్మం తీసుకోనివాళ్ళూ పిల్లలూ బయటికి పోవాలి. లోపల ఒకరు లేచి పేరు చెప్తారు, ఇంకొకరు బలపరుస్తారు. పేరు వచ్చినవాళ్ళు తమ వస్తువు ఒకటి ఇచ్చేసి, బయట వేపచెట్టు కింద గుడికి వీపు పెట్టి కూర్చోవాలి. వస్తువెందుకంటే, సభ్యుల్లో సగానికి పైగా చదువు రానివాళ్ళు. వేదిక వెనకున్న చిన్న గదిలో పాలపొడి డబ్బాలు వరసగా పెట్టేవాళ్ళు, మూతలకు చీలిక కోసి. ఒక్కో డబ్బా ముందు ఒక్కో వస్తువు. తాతయ్యది కళ్ళజోడు పెట్టె. మేస్త్రి బాబాయిది తాపీ. రైల్వే గ్యాంగులో పనిచేసే పెదనాన్నది పచ్చజెండా. రెండెకరాల ఆసామి ఒకాయన తన తలగుడ్డ విప్పి ఇచ్చేవాడు. ఆ కాసేపూ ఆయన బట్టతల చూడటానికే మేం చెట్టు చుట్టూ తిరిగేవాళ్ళం.

సభ్యుడికి మూడు గింజలు. ఒక డబ్బాలో ఒక్క గింజే వేయాలి. ఒక్కొక్కరే లోపలికి పోయి వేసి రావాలి. మొదట్లో ఖాళీ డబ్బాలో గింజ పడితే ఠంగుమని బయటికి వినిపించేది. అదెటు మూల నుంచి వచ్చిందో చెవి ఒగ్గి, ఎవరు ఎవరికేశారో చెప్పగల ఘనులు మా పల్లెలో ఉండేవాళ్ళు. నాయనమ్మ అది చూసి ప్రతి డబ్బా అడుగునా పాత చీర ముక్క మడిచి పెట్టింది. రహస్య ఓటంటే మాకు ఆ చీర ముక్కే.

1977లో గొడవైంది. ఆ ఏడు ఓటేసినవాళ్ళు 64 మంది. గింజలు 192 ఉండాలి. లెక్కపెడితే 207 వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టారు, అవే 207. చింతగింజలు దొరకని ఇల్లేదీ? అష్టాచెమ్మా ఆడటానికి అరగదీసిన గింజలు కూడా రెండు మూడు బయటపడ్డాయి, ఒకవైపు తెల్లగా. ఎవరో ఇంటి నుంచి కొంగులో కట్టుకొచ్చారన్నమాట. గుళ్ళో గోల గోల. అయ్యగారు పావుగంట ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థనలో అననీయ, సప్పీరాల పేర్లు మూడుసార్లు వచ్చాయి. దేవుని ముందు అబద్ధమాడి అక్కడికక్కడే పడి చచ్చిన దంపతులు గదా, గుడంతా చల్లబడింది. మళ్ళీ ఓటు పెడితే 192 సరిగ్గా వచ్చాయి.

మరుసటి ఏడాదికి తాతయ్య కనిపెట్టిన ఉపాయమే ఎర్రసిరా. బళ్ళో దిద్దడానికి వాడి మిగిలిన సీసా ఒకటి ఇంట్లో ఉంది. ఆ డిసెంబరు సెలవుల్లో నన్ను వసారాలో కూర్చోబెట్టి గింజలన్నీ ఒక్కొక్కటే ముంచి, చేటలో ఆరబెట్టమన్నాడు. ఎన్నో లెక్క రాసుకుని మూట కట్టి, ట్రంకుపెట్టెలో వేసి తాళం వేశాడు.

ఇంత రభస దేనికని ఇప్పుడు చదివేవాళ్ళకు అనిపించొచ్చు. నెలకింత జీతం లేదు, ఆస్తుల్లేవు, ఆరుగురు పట్టే బల్ల మీద చోటు తప్ప. కానీ ఊరి రచ్చబండ దగ్గర మావాళ్ళు నిలబడి వినాల్సిందే. పంచాయతీలో మా వార్డు మెంబరు పేరు కూడా ఊళ్ళో ఎవరింటి అరుగు మీదో ఖాయమై మాకు కబురొచ్చేది. ఏడాది పొడుగునా "నీ మాటేంది?" అని మావాళ్ళను ఎవరూ అడగని చోట, ఒక్క రోజు మూడు గింజలు చేతిలో పెట్టి అడిగేవాళ్ళు. అందులో కూలికి పోయే ముసలమ్మ గింజకూ, మేస్టారు గింజకూ తూకం ఒకటే. కొంగులో గింజలు కట్టుకొచ్చినవాళ్ళ మీద నాకు పెద్దయ్యాక కోపం కూడా పోయింది. అంత ఇష్టపడి దొంగ ఓటేసేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు!

ఈ అడగడం బాప్టిస్టులకు మొదట్నుంచీ ఉన్నదే అని తాతయ్య రాత్రిళ్ళు మంచాల మీద చెప్పేవాడు. సంఘానికి పైన బిషప్పు ఉండడు. పాస్టరును పిలుచుకోవాలన్నా, పంపించేయాలన్నా, పెద్దల్ని పెట్టుకోవాలన్నా, బాప్తిస్మానికి ఒకర్ని ఒప్పుకోవాలన్నా సంఘమంతా కూర్చుని తేల్చుకోవాల్సిందే. బైబిల్లో యేసు శిష్యుల సంగతులు చెప్పే అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం ఆయనకు నోటికొచ్చు. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు రోజూ పంచే తిండిలో అన్యాయం జరుగుతోందని సణుగుడు పుడితే, ఏడుగురిని మీరే ఎంచుకోండని అపొస్తలులు జనానికే వదిలేశారు. "చూడు, పెద్దల ఎన్నిక మొదలైందే అన్నం దగ్గర తగాదాతో" అనేవాడు.

తర్వాత అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొరగారి దగ్గరికొచ్చేవాడు. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో దిగినా చాలా ఏళ్ళు పట్టుమని పదిమంది చేరలేదు. మిషను మూసేద్దామా అని అమెరికాలో చర్చలు జరిగాయి. 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున జ్యూయెట్ దొర, ఆయన భార్య, ఇంకో ముగ్గురు తెలుగువాళ్ళు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. పన్నెండేళ్ళకు జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి ఒకటిన ఒంగోలు సంఘం పుట్టేనాటికి సభ్యులు ఎనిమిది మంది. అంతకు ముందే తాళ్ళకొండపాడు వైపు నుంచి యెర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి తనంతట తానే వెతుక్కుంటూ వచ్చి బాప్తిస్మం అడిగాడు. ఈ కబురు పల్లె నుంచి పల్లెకు పాకించింది ఆయనే గానీ దొరలు కాదని తాతయ్య గట్టిగా చెప్పేవాడు. అక్కడ గొంతు కాస్త పెరిగేది.

1876 నుంచి 78 వరకు పెద్ద కరువు. క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి పని పెట్టాడు. కూలి ఇస్తున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు, తిండిగింజల కోసం వచ్చారనే మాట రాకూడదని. కరువు పని ఆగాక 1878 జూలై 3న మా గుండ్లకమ్మలోనే, వెల్లంపల్లి రేవులో, ఒక్క రోజున 2,222 మంది మునిగి లేచారు. ముంచింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులేసుకుని. కొన్నేళ్ళకే ఒంగోలు సంఘం ఇరవై వేలు దాటింది, వందల పల్లెల్లో పరుచుకుని. "అంతమందికి గింజలు పంచాలంటే చింతతోపులు తోపులే దులపాలి గదా తాతయ్యా" అన్నాను ఒకసారి. ఆయన చాలాసేపు నవ్వాడు. నవ్వి, అందుకే పల్లె పల్లెకూ పెద్దల్ని పెట్టారన్నాడు.

ఇక 1978 సంగతి. అంతకు ముందు నవంబరు 19న దివిసీమ ఉప్పెన. ఆ వార్తలు రేడియోలో వింటూ మా పల్లెలో పొయ్యిలు వెలగని ఇళ్ళున్నాయి. అన్నం లేక కాదు, తినబుద్ధి కాక. సంఘం పాత బట్టలు, బియ్యం, డబ్బు పోగుచేసింది. ఎవరింట్లో ఏముందని! ఆ ఏడు వానలకు మావాళ్ళ కూలిపనులూ దెబ్బతిన్నాయి. అయినా పిడికెడు బియ్యం సంచులు నిండాయి. మా ఆడవాళ్ళు పూటపూటా అత్తెసరు పెట్టేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి ఆదివారం గుడికి తెచ్చేవాళ్ళు. అవి మామూలుగా అయ్యగారింటికి పోయే బియ్యం. ఆ నెల దివిసీమకు పోయాయి.

లెక్కలు సక్రమంగా ఉండాలని తాతయ్య పట్టుదల. డిసెంబరు ఆఖర్లో వేదిక మీద నిలబడి ఎవరెంత ఇచ్చారో ఇంటింటి పేరూ చదివాడు. చదివి ఊరుకుంటే సరిపోయేది. ఇవ్వని ఇళ్ళ పేర్లు కూడా చదివాడు. నేను నాయనమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఉన్నాను. ఆమె చెయ్యి నా జుట్టులో ఆగిపోవడం నాకు తెలిసింది. తొమ్మిది పేర్లు. అందులో ఒకరింట్లో పురుడొచ్చి పదిరోజులు. ఒకరింట్లో ముసలాయనకు ఒంగోలు ఆసుపత్రిలో ఆపరేషను. కొందరు చాప మీద నుంచి లేచి బయటికి పోయారు. ఎవరూ ఒక్క మాటనలేదు. మావాళ్ళు అంత నిశ్శబ్దంగా ఉండగలరని ఆరోజే తెలిసింది.

1978 జనవరి ఒకటి సరిగ్గా ఆదివారమే. ముందురాత్రి పన్నెండింటి దాకా ఆరాధన, పొద్దున మళ్ళీ ఆరాధన, నిద్ర కళ్ళతో ఎన్నిక. మూడు చోట్లకు అయిదు పేర్లొచ్చాయి. కళ్ళజోడు పెట్టె, తాపీ, పచ్చజెండా, తలగుడ్డ ఎప్పుడూ ఉన్నవే. అయిదోది ఆరె. చెప్పులు కుట్టే ఆరె. అది గంట తాతది.

గంట తాతంటే మా గుడి గంట కొట్టేవాడు. గంటంటే గంట కాదు, వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్క. పొద్దున్నే గుడి ఊడ్చి, చాపలు దులిపి పరిచి, మొదటి గంట కొట్టి ఇంటికి పోయి, మొహం కడుక్కుని చొక్కా తొడుక్కుని వచ్చి రెండో గంట కొట్టేవాడు. ముప్ఫై ఏళ్ళుగా అంతే. ఆయన పేరు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పింది పురుడొచ్చిన ఇంటి అత్తగారు. బలపరచడానికి నాలుగైదు గొంతులు ఒక్కసారే లేచాయి. ఆయన బిత్తరపోయి జేబు తడుముకున్నాడు. ఆరె తప్ప ఇంకేం లేదు.

సిరా పూసినదాన్నని నన్ను లెక్క దగ్గర ఉండనిచ్చారు. 71 మంది ఓటేశారు. 213 గింజలు, అన్నీ ఎర్రవే. ఆరె ముందున్న డబ్బా చాప మీద బోర్లిస్తే గింజలు కుప్ప పడ్డాయి. 58. తాపీకి 49, జెండాకు 41. తలగుడ్డకు 33. కళ్ళజోడు పెట్టెకు 32. నేను రెండోసారి లెక్కపెట్టాను. అయ్యగారు మెల్లగా నా భుజం మీద చెయ్యేసి, "చాల్లేమ్మా" అన్నాడు.

తాతయ్య ఇంటికొచ్చి పడక్కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళజోడు పెట్టె మూసి తెరిచి, మూసి తెరిచి చేస్తున్నాడు. నాయనమ్మ అన్నం పెట్టింది. తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "నాకు ముప్ఫై రెండే పడ్డయ్" అన్నాడు.

"ఊ" అంది.

"నువ్వేసినావా?"

"ఓటు రహస్యమని డబ్బాలో గుడ్డ పెట్టించుకుంది మీరే గదా" అని కంచం తీసుకుని పోయింది. నిజానికి ఆ గుడ్డ పెట్టించింది ఆమె. ఆయన సరిదిద్దలేదు.

ఆ రాత్రి గంట తాత వచ్చాడు. వసారా కిందే నిలబడ్డాడు. తాతయ్య తీర్మానాల పుస్తకం, చందాల పుస్తకం, తాళంచెవి పీట మీద పెట్టి ఉంచాడు, అప్పగించడానికి. గంట తాత తాళంచెవి ఒక్కటి తీసుకున్నాడు. "పుస్తకాలు నేనేం జేసుకుంటా మేస్టారూ, అక్షరం ముక్క రానోణ్ణి. మీరే రాయండి. నేను వేలిముద్రేస్తా" అన్నాడు. తాతయ్య చాలాసేపటికి, "కూర్చో" అన్నాడు. కూర్చున్నాడు. అంతకుముందు ఆయన మా వసారా మీద కూర్చోవడం నేను చూడలేదు. ఆ తర్వాత పదేళ్ళు తీర్మానాలు తాతయ్య రాతలోనే ఉంటాయి, పెద్దగా కాదు, రాసేవాడుగా. కింద గంట తాత బొటనవేలు ముద్ర.

రెండు నెలలకు కానుకల పళ్ళెం పోయి సంచి వచ్చింది. పొడుగాటి కర్రకు కట్టిన ఎర్ర గుడ్డ సంచి. పళ్ళెంలో వేస్తే పక్కవాళ్ళకు కనిపిస్తుంది, చిల్లర వేస్తే మోగుతుంది. సంచిలో చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోతుంది. ఎంత వేశారో, అసలు వేశారో లేదో ఎవరికీ తెలీదు. అది కుట్టింది గంట తాతే, తోలు కుట్టే దారంతో. ఉత్త చెయ్యి పెట్టి తీసినా మర్యాద పోని సంచి అది. చందా తగ్గుతుందని తాతయ్య వాదించాడు, తీర్మానాల పుస్తకంలో తన అభ్యంతరం తనే రాసుకున్నాడు. చందా తగ్గలేదు. పెరగనూ లేదు.

ప్రభు భోజనం నెలకు మొదటి ఆదివారం. ద్రాక్షారసం అంటే మాకు ఎండుద్రాక్ష నానబెట్టి, కాచి, పిసికి వడగట్టింది. శనివారం సాయంత్రం నాయనమ్మ సత్తు గిన్నెలో నానబోసేది. మిగిలిన పిప్పి మా పిల్లలకు. రొట్టెను, గుక్కెడు పట్టే చిన్న గ్లాసుల పళ్ళేన్ని పెద్దలు వరస వరసకూ తిప్పాలి. గంట తాత మొదటిసారి పళ్ళెం పట్టుకున్న రోజు ఆయన చేతులు వణికి గ్లాసులు గలగలమన్నాయి. మా సంఘంలో ఒకరింటి నీళ్ళు ఒకరు తాగని ఇళ్ళు ఉండేవి. గుడి బయట ఆ పట్టింపులు పోయాయని నేను అబద్ధం చెప్పను. తలగుడ్డ ఆసామి దగ్గరికి పళ్ళెం వచ్చేసరికి అందరి చూపూ అటే. ఆయన ఒక్క క్షణం ఆగి గ్లాసు తీసుకున్నాడు. తాగాడు. ఖాళీ గ్లాసు తిరిగి పెట్టేటప్పుడు "నెమ్మదిరా, ఒలుకుతది" అన్నాడు.

తీర్మానాల పుస్తకంలో ఎన్నికలకన్నా ఎక్కువున్నవి ఇంటి సంగతులు. తాగి భార్యను కొట్టినందుకు మూడు నెలలు సంఘ సహవాసం నుంచి ఆపడం, పశ్చాత్తాపపడ్డాడని తిరిగి చేర్చుకోవడం, మళ్ళీ ఆపడం. ఒకాయన అలా ఏడుసార్లు పోయి వచ్చాడు. పెళ్ళయి వేరే ఊరికి పోయే ఆడపిల్లకు సభ్యత్వ ఉత్తరం. కాలిపోయిన ఇంటికి తాటాకు, మనిషికి ఒక రోజు పని. శవపేటిక కొయ్యకు అప్పు. నాకు ఆ పుస్తకంలో కొన్ని చోట్ల ఇప్పటికీ కోపమొస్తుంది. లేచిపోయి పెళ్ళి చేసుకున్న పిల్లను సంఘం ఎదుట నిలబెట్టి అడిగారు. ఆ పిల్లాడిది పై ఊరని కబురు కూడా పెట్టలేదు. అందరూ కూర్చుని తేల్చడంలో ఉన్న కష్టం ఇదే. అందరూ కలిసి తప్పు చేస్తే చెప్పేవాడుండడు.

నా బాప్తిస్మం 1981లో, వానల తర్వాత ఏట్లో నీళ్ళు నడుముదాకా ఉన్నప్పుడు. అంతకు ముందు ఆదివారం నన్ను సంఘం ముందు నిలబెట్టి ప్రశ్నలడిగారు. గంట తాత వంతు వచ్చింది. మిగతావాళ్ళు వచనాలడిగితే ఆయన, "అమ్మా, నీతో మాట్లాడని స్నేహితురాలు ఎవరన్నా ఉందా?" అన్నాడు. ఉంది. వారం లోపల పోయి మాట్లాడి రమ్మన్నాడు. పోయాను, ఏడ్చుకుంటూనే. అప్పుడు అందరూ చేతులెత్తి నన్ను ఒప్పుకున్నారు. 1982 జనవరిలో నా అరచేతిలో మూడు గింజలు పడ్డాయి. నాకప్పుడు పదిహేను. దేశంలో ఓటుకు అప్పట్లో ఇరవై ఒకటి నిండాలి. 1989 దాకా అది పద్దెనిమిదికి దిగలేదు. ప్రభుత్వం నన్ను అడగడానికి ముందు ఆరేళ్ళు మా గుడి నన్ను అడిగింది.

ఇప్పుడు సికింద్రాబాద్‌లో మేం పోయే చర్చిలో అచ్చేసిన బ్యాలెట్లు, ఎన్నికల అధికారి, ప్యానెళ్ళు. నెల ముందు నుంచి వాట్సాప్‌లో ఒకటే టెన్షన్. ఎవరింట్లోనో బిర్యానీ భోజనాలు. ఒకసారి అసలు గొడవ ఏంటో కనుక్కుందామని పోతే, చివరికి షాపుల అద్దె ఎవరు వసూలు చేయాలన్నదని తేలింది. బల్లలు మాత్రం బాగున్నాయి, అందరికీ కుషన్లు.

1986 జనవరిలో నేను కాలేజీ నుంచి సంక్రాంతి సెలవులకు ముందే వచ్చాను, ఎన్నిక చూడాలని. గంట తాత కోడలు లేచి మా నాయనమ్మ పేరు చెప్పింది. గుళ్ళో గుసగుస. మగాళ్ళలోంచి ఒకాయన లేచి, పరిచారకుడు ఏకపత్నీ పురుషుడై ఉండాలని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది గదా, ఆడమనిషి ఎట్టా అవుతుందన్నాడు. అయ్యగారు రోమా పత్రిక పదహారో అధ్యాయం తీసి, కెంక్రేయ సంఘంలో ఫీబే అనే పరిచారకురాలు ఉందని చూపించాడు. అయినా ఆయన కూర్చోలేదు. గంట తాత అప్పటికి బాగా ముసలైపోయాడు, బల్ల మీద నుంచే, "ఆ తల్లి కాచిన రసం ఇన్నేళ్ళు తాగినాం. అప్పుడు అడ్డం రాని వాక్యం ఇప్పుడెట్టా వచ్చిందబ్బాయ్?" అన్నాడు. తాతయ్య ఏమీ అనలేదు. తల దించుకుని తీర్మానాలు రాస్తూ ఉన్నాడు.

వస్తువేది అన్నారు. ఆడవాళ్ళలోంచి సత్తు గిన్నె చేతులు మారుకుంటూ ముందుకొచ్చింది. ద్రాక్ష నానబెట్టేదే. అది డబ్బా ముందు పెడితే డబ్బానే కనపడలేదు. అయినా గింజలు దారి తప్పలేదు.

తర్వాతి శనివారం పెద్దల మీటింగు మా ఇంట్లోనే, ఎప్పటిలాగే. ఎప్పుడూ రెండో తీర్మానం అయ్యేసరికి లోపలి నుంచి టీ వచ్చేది. ఆ రోజు నాయనమ్మ చాప మీద అయిదుగురు మగవాళ్ళతో కూర్చుని ఉంది, కొంగు భుజం నిండా కప్పుకుని. రెండో తీర్మానం అయింది. మూడోది మొదలవ్వలేదు. ఒకాయన దగ్గాడు. ఇంకొకాయన వంటింటి వైపు చూశాడు. తాతయ్య పెన్ను పట్టుకుని, "టీ సంగతి…" అన్నాడు.

"పాలు పొయ్యి మీదున్నయ్. మీరు పెద్ద గాదు గదా, లేవండి" అంది నాయనమ్మ.

ఆయన పెన్నూ పుస్తకం నా చేతిలో పెట్టి లేచాడు. టీలో చక్కెర వేయడం మర్చిపోయాడని గంట తాత తాగాక గానీ ఎవరూ చెప్పలేదు. గుడి పైకప్పు పెంకు మార్చడం గురించిన మూడో తీర్మానం, నాలుగోది, మా పుస్తకంలో నా చేతిరాతతో ఉన్నాయి.